పొర మీద పొర: పప్పీ లైనక్స్ పనితనం

మా ముందుగది మూలన ఒక పాత డెస్క్‌టాప్ ఉంది. రెండు కోర్ల ప్రాసెసర్, 2 జీబీ ర్యామ్, 160 జీబీ హార్డ్ డిస్క్. నాన్నగారు ఉత్తరాలూ ఇంటి లెక్కలూ దానిమీదే రాసుకునేవారు. కొన్నేళ్లుగా స్విచ్చి వేసి, కాఫీ కలుపుకుని వచ్చినా తెర సిద్ధమయ్యేది కాదు. పాత సామానుకు వేసేద్దామంటే చేతులు రాలేదు. అంతా చెరిపి కొత్త సిస్టమ్ ఎక్కిద్దామంటే ఆయన రాతలు అందులోనే ఉన్నాయి. ఆ డిస్కును కదపకుండా యంత్రాన్ని నడిపే దారి వెతుకుతుంటే పప్పీ లైనక్స్ అనే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ చేతికొచ్చింది. నాలుగు వారాలుగా వాడుతున్నాను. దీన్ని మలిచినవాళ్ల చేతి నేర్పు గురించి చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

ఆస్ట్రేలియాకు చెందిన బ్యారీ కౌలర్ 2003లో పప్పీని మొదలుపెట్టారు. తన పెంపుడు కుక్కపిల్ల పేరే దీనికి పెట్టుకున్నారు. 2013లో ఆయన తప్పుకున్నాక ఔత్సాహికులు ఆ పనిని అందుకున్నారు. పప్పీ ఒక్కటే డిస్ట్రో (లైనక్స్ కూర్పు) కాదు, పెద్ద కుటుంబం. ఉబుంటు, స్లాక్‌వేర్ వంటివాటి నుంచి సరుకు తెచ్చుకుని, ‘వూఫ్’ అనే పనిముట్టుతో పప్పీ పద్ధతిలో కూర్చుకుంటారు. నేను తీసుకున్నది 2020లో వచ్చిన ఫాసాపప్64 9.5. దీనికి ఆధారం ఉబుంటు 20.04. మొత్తం ఫైలు 409 ఎంబీ. ఉత్తరాలకు అబీవర్డ్, లెక్కలకు గ్నూమెరిక్, బొమ్మలకు ఎంటీపెయింట్, వెబ్ బ్రౌజర్ అన్నీ అందులోనే ఇమిడి ఉన్నాయి.

ఇంత చిన్న మూటలో అంత సరుకు ఎలా పట్టిందో చూద్దాం. పప్పీని నేను ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకున్నాను. దాన్ని తెరిస్తే వేలకొద్దీ ఫైళ్లు కనబడవు. ఒక కెర్నెల్, బూట్ మొదట్లో పని నడిపించే ఒక చిన్న ఫైలు, ఎస్‌ఎఫ్‌ఎస్ అన్న ముద్రతో మరికొన్ని. ఫిలిప్ లాఫర్ రూపొందించిన స్క్వాష్‌ఎఫ్‌ఎస్ పద్ధతిలో సిస్టమ్ మొత్తాన్ని ఈ ఫైళ్లలోకి కుదించి పెడతారు. వాడుకునేటప్పుడు మూటంతా విప్పక్కర్లేదు. అడిగిన ఫైలు ఏ ముక్కలో ఉందో ఆ ముక్కనే విప్పుతుంది. మూల సిస్టమ్ ఒక ఫైలు, హార్డ్‌వేర్ డ్రైవర్లు ఒకటి, ఫర్మ్‌వేర్ ఒకటి, అప్లికేషన్లు మరొకటి. వంటింటి అరలో పప్పుల డబ్బాలు వేరు, పోపుల పెట్టె వేరు పెట్టుకున్నంత పొందిక.

బూట్ అయ్యేటప్పుడు పప్పీ ఈ మూటలను ర్యామ్‌లోకి తెచ్చుకుంటుంది. వేగమంతా ఇక్కడే ఉంది. హార్డ్ డిస్క్‌లో ఒక ఫైలు కావాలంటే లోపలి చేయి కదలాలి, పళ్లెం తిరిగి సరైన చోటికి రావాలి. దానికి కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది. ర్యామ్‌లో అదే పని నానోసెకన్ల లెక్క. పాత యంత్రం మందగించిందని మనం అనుకునేది చాలాసార్లు ఈ ఎదురుచూపే. ఇప్పుడు అబీవర్డ్ మీద నొక్కి చెయ్యి వెనక్కి తీసుకునేలోగా తెరుచుకుంటోంది. మొదటిసారి తెర వచ్చాక పెన్‌డ్రైవ్ పీకేసినా పని ఆగలేదు.

నన్ను అన్నిటికంటే కట్టిపడేసింది పొరల అమరిక. అడుగున ఉన్న మూటల్లో ఏమీ రాయడానికి వీల్లేదు. వాటి మీద ఒక ఖాళీ పొర పరుస్తారు. అచ్చయిన బొమ్మ మీద గాజుపలక పెట్టి, ఆ పలక మీద రంగులు దిద్దినట్టు. పైనుంచి చూసేవాడికి రెండూ కలిసి ఒకే చిత్రం. ఏదైనా ఫైలు మార్చబోతే దాని నకలు పై పొరలోకి వస్తుంది, మార్పు ఆ నకలులోనే జరుగుతుంది. మరి అడుగు పొరలోని ఫైలును తీసేయాలంటే? పై పొరలో ఆ ఫైలు పేరుకు ముందు ‘.డబ్ల్యూహెచ్.’ అని తగిలించిన ఒక ఖాళీ గుర్తు పడుతుంది. ఆ గుర్తు కిందిదాన్ని కప్పేస్తుంది. కనిపించకుండా పోయింది గానీ ఎక్కడికీ పోలేదు. ఏదైనా చెడితే ‘పీఫిక్స్=ర్యామ్’ అని చెప్పి బూట్ చేస్తే చాలు. పై పొర పక్కకు తప్పుకుంటుంది, కింద మొదటి రోజు సిస్టమ్ చెక్కుచెదరకుండా ఉంటుంది.

పెన్‌డ్రైవ్ ఆయుష్షును కూడా దృష్టిలో పెట్టుకున్నారు. ప్రతి చిన్న మార్పునూ వెంటనే దానిమీద రాస్తే త్వరగా అరిగిపోతుంది కనుక, మార్పులను ర్యామ్‌లో పోగుచేసి విడతలుగా దించుతారు.

హద్దులూ ఉన్నాయి. ఒక్కరే వాడుకునే యంత్రమన్న ఉద్దేశంతో పప్పీ నేరుగా రూట్ అధికారంతో, అంటే ఏ అడ్డూ లేని పూర్తి అనుమతులతో నడుస్తుంది. నలుగురు వాడే ఆఫీసు కంప్యూటర్‌కు ఇది తగదు. బరువైన వెబ్ పేజీలు నాలుగైదు తెరిస్తే 2 జీబీ ర్యామ్ ఇరుకైపోతుంది. సిస్టమ్ ఎంత తేలికైనా ఆ పేజీల బరువు తగ్గదు కదా.

ఇక నాన్నగారి రాతల సంగతి. తెర అడుగున డిస్కు భాగాలు చిన్న బొమ్మలుగా వరసగా ఉంటాయి. ఒకదాని మీద నొక్కితే నాన్నగారి ఫోల్డర్ తెరుచుకుంది. ఉత్తరంలో మాత్రం అక్షరాలకు బదులు ఖాళీ డబ్బాలు. తెలుగు ఫాంటు లేదు. ఒక యూనికోడ్ ఫాంటు తెచ్చి ఫాంట్ల ఫోల్డర్‌లో వేసి మళ్లీ తెరిచాను. డబ్బాల స్థానంలో ఆయన వాక్యాలు వరసగా నిలబడ్డాయి.

ఆ రాత్రి ఆపబోతే పప్పీ అడిగింది, ఈ పూట చేసిన మార్పులు దాచుకోవాలా వద్దా అని. వద్దంటే ఆ పొర అప్పుడే మాయమవుతుంది, తాను వచ్చిన ఆనవాలు కూడా మిగల్చదు. నేను దాచమన్నాను, పెన్‌డ్రైవ్ మీదనే. ఒక ఫాంటు, వైఫై పాస్‌వర్డ్, నాలుగు సెట్టింగులు అక్కడ చేరాయి. నాన్నగారి డిస్కు మాత్రం ఆయన వదిలినట్టే ఉంది.