కిశోర పాఠకుని నవల: సూరత్ నుంచి ఒక పరిశీలన

బాలసాహిత్యాన్ని గురించిన చర్చలు సాధారణంగా పదేళ్ల బిడ్డ దగ్గర ఆగిపోతాయి. ఆ తరువాత పాఠకుడు నేరుగా పెద్దల గ్రంథాలయంలో ప్రవేశిస్తాడని భావించడం పరిపాటి. నడుమనున్న 13 మొదలు 17 ఏళ్ల వరకు గల కాలం విమర్శకుల పద్దులో గాని, ప్రచురణకర్తల పద్దులో గాని సరిగా జమ కాదు. కాని చదివే అలవాటు నిలిచేదీ, తెగిపోయేదీ ఆ నాలుగైదేళ్లలోనే. మాతృభాషా ప్రాంతానికి దూరంగా పెరిగే పిల్లల విషయంలో ఇది మరింత నిజం. వారికి అలవాటు తెగితే దానితోపాటు లిపి కూడా తెగిపోతుంది.

సూరత్ నగరంలోని తెలుగు కుటుంబాలను ఈ దృష్టితో చూడవలసి ఉంది. కరీంనగర్, నల్లగొండ, వరంగల్ ప్రాంతాల నుంచి పద్మశాలి నేతకారులు షోలాపూర్, భీవండీ, బొంబాయిలకు వలస వెళ్లినట్లే సూరత్‌కూ వెళ్లారు. లింబాయత్ వంటి పేటలలో వారి స్థిరనివాసాలు ఏర్పడ్డాయి. అక్కడ మగ్గం అంటే మరమగ్గం. సిరిసిల్ల మాటలో చెప్పాలంటే సాంచా. నగరపాలక సంస్థ ప్రాథమిక విద్యా విభాగం గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా మాధ్యమాలతో పాటు తెలుగు మాధ్యమంలోనూ పాఠశాలలు నడపడం గమనింపదగిన విషయం. 17వ శతాబ్దిలో టావెర్నియే, తెవెనో వంటి ఫ్రెంచి యాత్రికులు సూరత్ రేవులో దిగి గోలకొండ దారి పట్టారు. వజ్రాలు, వస్త్రాలు ఆ దారిని ప్రసిద్ధం చేశాయి. గడచిన శతాబ్దిలో అదే దిక్కు నుంచి ఎదురుగా వచ్చిన వారిని గురించి యాత్రాచరిత్ర రాసిన వారు అంతగా కానరారు.

ఈ కుటుంబాలలోని కిశోర పాఠకుడు ఒకేసారి రెండు సాహిత్యాల అంచున నిలబడి ఉంటాడు. వాటిలో మొదటిది అతని నగరానిదే. గుజరాతీ బాలసాహిత్య చరిత్రలో సూరత్‌కు గౌరవస్థానం ఉంది. ఇక్కడి నుంచి వెలువడిన 'గాండీవ్' బాలల పత్రికలో హరిప్రసాద్ వ్యాస్ 1936 నుంచి సుమారు రెండు దశాబ్దాల పాటు బకోర్ పటేల్ కథలు రాశారు. పటేల్ ఒక మేక. ఆయన ఇల్లాలు శకరీ పటలాణీ. మిత్రబృందంలో పులి వకీలు, ఏనుగు, ఒంటె వైద్యుడు ఉంటారు. జంతువులే అయినా అడవి వాసన వాటికి అంటదు. అవి కోట్లు తొడుక్కుని, అతిథులను పిలిచి, చిన్న చిన్న బడాయిలకు పోయి నవ్వులపాలవుతాయి. వ్యాపార నగరపు మధ్యతరగతిని పిల్లల ముందు ఇంత చనువుగా, ఇంత నిర్దోషంగా పరిహసించిన రచన భారతీయ భాషలలో అరుదు. నీతి చెప్పే అవసరం పెట్టుకోకపోవడం దాని ప్రధాన గుణం. దాని పరిమితి కూడా అక్కడే ఉంది. ఆ ఇంట డబ్బు కొరత హాస్యానికి కారణం కాగలదు గాని, భయానికి ఎన్నడూ కారణం కాదు. 14 ఏళ్ల వయసులో సాయంత్రం పూట కండెలు చుట్టే పిల్లవాడు బకోర్ పటేల్‌ను చూసి తప్పక నవ్వుతాడు. కాని ఆ ఇంటిలో తన చోటు ఎక్కడో వెతుక్కోడు.

రెండవది తెలుగు. 1947 జూలైలో మొదలైన 'చందమామ' దీనికి ఆధారం. 1950 దశకం మధ్య నుంచి 1970 దశకం చివరి వరకు అందులో దాసరి సుబ్రహ్మణ్యం రాసిన డజను సీరియళ్లు తెలుగు కిశోర నవలకు దాదాపు పునాది అని చెప్పక తప్పదు. తోకచుక్క, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసి లోయ, శిథిలాలయం, యక్షపర్వతం, భల్లూక మాంత్రికుడు వంటి పేర్లు వింటేనే చిత్రా గీసిన బొమ్మలు కళ్ల ముందు మెదలే తరాలు ఉన్నాయి. చాలాకాలం ఆ సీరియళ్లపై రచయిత పేరు అచ్చు కాలేదు. లక్షల మంది చదివిన రచయిత అజ్ఞాతంగా ఉండిపోవడం మన పత్రికారంగ చరిత్రలో విచిత్రమైన అధ్యాయం; అంతకు మించి అన్యాయమైన అధ్యాయం కూడా.

ఈ నవలలను కేవలం మాంత్రికుల కథలుగా తీసివేయడం తొందరపాటు. రాకాసి లోయలో కేశవుడు రాజకుమారుడు కాడు. అతనికి ముసలి తండ్రి ఉన్నాడు, జయమల్లు అనే తోడు ఉన్నాడు, కాళ్లలో సత్తువ ఉంది. అంతకు మించి ఆస్తి లేదు. బ్రహ్మదండి మాంత్రికుడు అతనిని తన ధనాశకు పనిముట్టుగా వాడుకోజూస్తాడు. జిత్‌వర్మ, శక్తివర్మ వంటి వారు మాంత్రికుని వెంట నడుస్తూనే అతనిని నమ్మరు. ఎవరు ఎవరికి పని చేస్తున్నారు, ఎందుకు చేస్తున్నారు అన్న ప్రశ్న కథ పొడవునా వెంటాడుతుంది. శిథిలాలయంలో గూడెం యువకుడు శిఖిముఖి, అతని మిత్రుడు విక్రమకేసరి సమస్కంధులుగా నడుస్తారు. స్నేహాన్ని నిలిపేది పుట్టుక కాదు, ఆపదలో చూపిన నడవడి. దాసరి ఈ మాటను ఎక్కడా ప్రకటించరు. కథ నడిచే తీరులోనే అది ఉంది. పూట గడవడం కోసం ఊరు విడిచిన కుటుంబాల పిల్లలకు దారి, తోడు, మోసం చేసే పెద్దమనిషి అనే మూడూ తెలిసిన విషయాలే. అద్భుతం వారికి పరాయిగా తోచకపోవడానికి ఇది ఒక కారణం.

భాష మరొక కారణం. చందమామ తెలుగు ఏ జిల్లాదీ కాదు. కొడవటిగంటి కుటుంబరావు సంపాదకత్వంలో రూపుదిద్దుకొన్న ఆ పొట్టి వాక్యాల వచనం మాండలికాన్ని దూరంగా ఉంచిందన్న ఆక్షేపణ సబబే. అయినా ఆ దూరమే ఇక్కడ ఉపకరించింది. ఎవరి ఊరిదీ కాని భాష ముందు సూరత్ బిడ్డ కూడా తెనాలి బిడ్డతో సమానుడే. పత్రిక గుజరాతీ సంచిక కూడా వెలువడేది కనుక పక్కింటి గుజరాతీ పిల్లవానికీ ఆ లోకం కొత్త కాదు. ఉభయులూ ఒకే కథను చెరొక లిపిలో చదివే సౌకర్యాన్ని అంతకు ముందు ఏ పాఠ్యపుస్తకమూ కల్పించలేదేమో. 2010 దశకంలో పత్రిక ఆగిపోవడంతో ఆ సౌకర్యమూ ఆగింది.

అయితే దాసరి లోకంలో ఆడపిల్లలకు చోటు బహు స్వల్పం. సాహసం, ప్రయాణం, స్నేహం అన్నీ యువకులవే. 15 ఏళ్ల బాలిక ఆ పుస్తకాలను ఇష్టపడితే అది ఆమె ఔదార్యం. నండూరి రామమోహనరావు చేసిన చక్కని అనువాదాలదీ ఇదే పరిస్థితి. టామ్ సాయర్, హకల్‌బెరీ ఫిన్, కాంచన ద్వీపం, రాజు-పేద పుస్తకాలను తెలుగులోనే పుట్టినంత సహజంగా ఆయన అందించారు. కాని ఆ తెప్ప మీదా, ఆ ఓడలోనూ మగపిల్లలే ఉన్నారు. వీటిలో హకల్‌బెరీ ఫిన్ తక్కిన వాటికన్న ఒక మెట్టు పైది. చట్టం చెప్పినది ఒకటి, తోటి మనిషి పట్ల తనకు తోచినది మరొకటి అయినప్పుడు పిల్లవాడు ఏం చేయాలి? ఈ చిక్కును ఉపన్యాసం లేకుండా విప్పిన నవల అది. కిశోర నవల ఎలా ఉండాలని అడిగేవారికి వేరే ఉదాహరణ వెతకనక్కరలేదు.

ముళ్లపూడి వెంకటరమణ 'బుడుగు' ప్రస్తావన లేకుండా తెలుగులో ఈ చర్చ ముగియదు. అది గొప్ప రచన. కాని అది బాల్యం గురించి పెద్దలు చదువుకొనే పుస్తకం. దాని ముందు సూరత్ పాఠకుడు తడబడితే అడ్డు వచ్చేది గోదావరి యాస అనుకోవడం పొరపాటు. ఆ ఇంటిలోని తీరిక అతనికి అపరిచితం. మహమ్మద్ ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కథలు' (1999) ఈ సంగతిని రుజువు చేస్తాయి. కావలి పట్టణపు ముస్లిం ఇళ్ల తెలుగు కరీంనగర్ తెలుగుకు ఎంతో దూరం. అయినా అప్పులు, పండుగ పూట కొత్త బట్టల ఆశ, అమ్మ కోపం, నాన్న మౌనం చదివినవారికి ఏ నిఘంటువూ అవసరం కాదు. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు బాల్యకథలకూ ఇదే వర్తిస్తుంది. హైదరాబాదులోని అన్వేషి సంస్థ 2008లో 'విభిన్న కథలు' పేరిట తెచ్చిన బాలల పుస్తకాలలో గోగు శ్యామల వంటి వారి రచనలు దళిత బాలబాలికలను కథానాయకులుగా నిలిపాయి. ఇవన్నీ కథలే. కొన్ని వారాల పాటు ఒకే లోకంలో పాఠకుని నిలిపి ఉంచే నవల వీటి స్థానంలో ఇంకా రావలసి ఉంది.

ఆ ఖాళీని ఇన్నాళ్లుగా పూరించినది అద్దె పుస్తకాల దుకాణం. చందమామ విడిచిన పిల్లవాడు మధుబాబు షాడో నవలల మీదుగా యండమూరి వీరేంద్రనాథ్ దగ్గరకు చేరడం రెండు మూడు తరాల అనుభవం. దీనిని చూసి నొసలు చిట్లించనక్కరలేదు. వేగంగా చదవడం వారికి ఆ పుస్తకాలే నేర్పాయి. అయితే ఆ వయసులో కలిగే సందేహాలకు షాడో దగ్గర తుపాకి తప్ప సమాధానం లేదు.

అనువాదాలలో కురొయనాగి తెత్సుకో 1981లో జపాన్‌లో ప్రచురించిన తొత్తో-చాన్ జ్ఞాపకాలు 'రైలుబడి'గా తెలుగులోకి వచ్చి మంచి ఆదరణ పొందాయి. పాత రైలు పెట్టెలలో నడిచిన ఆ బడి 1945 బాంబుదాడిలో తగలబడిపోతుంది. ఆ చివరి పుటల వల్లనే అది పసిపిల్లల పుస్తకంగా మిగలక కిశోరుల పుస్తకమైంది. గుజరాత్‌లోనే భావనగర్‌లో గిజుభాయి బధేకా అటువంటి బడిని కలగన్నారు. ఆయన 'దివాస్వప్న' ఉపాధ్యాయులకు ఉద్దేశించినదే అయినా, దానిలోని అల్లరి తరగతి ఏ నవలకూ తీసిపోదు.

కేంద్ర సాహిత్య అకాడమీ 2010లో బాలసాహిత్య పురస్కారాలు ప్రారంభించినప్పుడు తెలుగులో తొలి గౌరవం కలువకొలను సదానంద నవల 'అడవి తల్లి'కి దక్కడం శుభసూచకంగా కనిపించింది. ఆ తరువాతి ఎంపికలలో గేయాలు, కథల సంపుటాలకే మొగ్గు కనబడుతుంది. 2024లో పి. చంద్రశేఖర్ ఆజాద్ 'మాయాలోకం'తో నవల మళ్లీ వెలుగులోకి వచ్చింది. 2022లో పురస్కారం పొందిన పత్తిపాక మోహన్ సిరిసిల్ల ప్రాంతీయులు. ఆయన గేయకృతి 'బాలల తాత బాపూజీ'. సాంచాల ఊరి కవి గుజరాత్‌లో పుట్టిన గాంధీని తెలుగు పిల్లలకు పరిచయం చేశాడు. ఎదురు దిక్కు నుంచి, పడుగు పేకల మధ్య పెరిగిన ఒక బాలికను, రాత్రి పాళీ ముగించుకు వచ్చే ఆమె తండ్రిని, రెండు లిపులలో పేరు రాసుకొనే ఆమె నోటుపుస్తకాన్ని నవలగా మలచే రచయిత సూరత్ నుంచి రావాలా, సిరిసిల్ల నుంచి రావాలా అన్నది పెద్ద విషయం కాదు. లింబాయత్‌లో తెలుగు మాధ్యమంలో చదువుతున్న పిల్లలు ప్రాథమిక పాఠశాల దాటేలోగా వస్తే చాలు. ఆ గడప దాటాక వారి ముందున్న పుస్తకాలు గుజరాతీవో, హిందీవో, ఇంగ్లీషువో అవుతాయి.