వృత్తివిద్య: ప్రత్యామ్నాయమా, దారిమళ్లింపా? – మాధ్యమిక విద్యావిధానాలపై విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

మాధ్యమిక స్థాయిలో ఒక వర్గం విద్యార్థులను కళాశాల చదువు నుంచి వృత్తిశిక్షణ వైపు మళ్లించాలన్న ఆలోచన 1882 నాటి హంటర్ కమిషన్ కాలం నుంచి మన విద్యావిధానాల్లో పునరావృతమవుతూనే ఉంది. అది ఆశించిన మేరకు ఫలించకపోవడానికి తల్లిదండ్రుల 'డిగ్రీ మోజు'ను కారణంగా చూపడం పరిపాటి. ఈ వాదన నిలవదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. పై చదువుకు దారి ఉన్న వృత్తివిద్యను సమాజం ఎన్నడూ తిరస్కరించలేదనీ, దారి మూసిన వృత్తివిద్యనే తిరస్కరించిందనీ, ఆ తిరస్కారం వెనుక కులవృత్తుల అనుభవం ఉందనీ నిరూపించడం దీని లక్ష్యం.

కీలకపదాలు: వృత్తివిద్య, మాధ్యమిక విద్య, కులవృత్తి, ఒకేషనల్ ఇంటర్మీడియట్, బ్రిడ్జి కోర్సు, జాతీయ విద్యావిధానం

1. ఒకే మాట, రెండు గమ్యాలు

'వృత్తి' అంటే జీవనోపాధి. అయితే తెలుగు సమాజంలో ఈ మాటకు ముందు 'కుల' అన్న విశేషణం పలకకపోయినా స్ఫురిస్తుంది. కుమ్మరం, కమ్మరం, వడ్రంగం, నేత, క్షౌరం వంటి పనులు శతాబ్దాలపాటు పుట్టుకతో సంక్రమించాయి. పనిలోని నైపుణ్యంతోపాటు ఆ పనికి సమాజం కట్టిన వెల కూడా తండ్రి నుంచి కొడుకుకు దక్కింది. గువ్వలచెన్న శతకంలో కులవిద్యను ప్రశంసించే పద్యపాదం ఒకటి, ఆ శతకం చదవనివారి నోట సైతం సామెతగా నిలిచిపోవడం ఈ భావన ఎంత గాఢంగా నాటుకుందో తెలుపుతుంది.

ఆధునిక కాలంలో ఇదే మాట మరో అర్థాన్ని సంతరించుకుంది. పత్రికల భాషలో ఇంజనీరింగ్, వైద్యం, ఫార్మసీ 'వృత్తివిద్యా కోర్సులు'. ఇంటర్మీడియట్‌లోని ఎలక్ట్రికల్ టెక్నీషియన్, మెడికల్ ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులు కూడా 'వృత్తివిద్యా కోర్సులే'. రాతలో రెండింటికీ ఒకే పేరు ఉన్నా వ్యవహారంలో ఎవరూ పొరబడరు. మొదటిది 'ప్రొఫెషనల్ కోర్సు', రెండవది 'ఒకేషనల్ గ్రూపు'. తెలుగు మాట కలిపిన వాటిని ఆంగ్లం నుంచి వచ్చిన రెండు మాటలు విడదీస్తున్నాయి. మొదటి దానికోసం కుటుంబాలు అప్పులు చేస్తాయి. రెండవ దానిలో బిడ్డను చేర్చినప్పుడు కారణం చెప్పుకోవలసి వస్తుంది. ఈ తేడాకు మూలం ఏమిటన్నదే ప్రస్తుత పరిశీలనాంశం.

2. లక్ష్యాలు జరిగిన తీరు

1882 నాటి హంటర్ కమిషన్ ఉన్నత పాఠశాల పై తరగతులను రెండు శాఖలుగా విభజించాలని సూచించింది. ఒకటి విశ్వవిద్యాలయ ప్రవేశానికి, రెండవది వాణిజ్యాది వ్యావహారిక రంగాలకు. విద్యార్థులు మొదటి శాఖవైపే మొగ్గారు. స్వాతంత్ర్యానంతరం లక్ష్మణస్వామి మొదలియార్ అధ్యక్షతన ఏర్పడిన మాధ్యమిక విద్యాకమిషన్ (1952–53) బహుళార్థసాధక పాఠశాలలను ప్రతిపాదించి, సాంకేతిక, వాణిజ్య, వ్యవసాయ, గృహవిజ్ఞానాది విభాగాలను మానవీయ శాస్త్రాల సరసన నిలిపింది. కొఠారీ కమిషన్ (1964–66) మరింత ముందుకు వెళ్లి, 1986 నాటికి పదో తరగతి తర్వాతి స్థాయిలో సగం మంది వృత్తివిద్యలో ఉండాలని ఆశించింది.

ఆ 1986 వచ్చేసరికి కొత్త జాతీయ విద్యావిధానం లక్ష్యాన్ని కుదించింది. ఉన్నత మాధ్యమిక విద్యార్థుల్లో 1990 నాటికి పది శాతం, 1995 నాటికి ఇరవై ఐదు శాతం వృత్తివిద్యలో చేరాలన్నది. 1992లో సవరించినప్పుడు శాతాలు అలాగే నిలిచి గడువులు మాత్రం 1995కూ 2000కూ జరిగాయి. 2020 విధానం 2025 నాటికి పాఠశాల, ఉన్నత విద్యార్థుల్లో కనీసం సగం మందికి వృత్తివిద్యా పరిచయం కలగాలని నిర్దేశించింది. 'చేరిక' అన్న చోట 'పరిచయం' అన్న మాట వచ్చిందని గమనించాలి. సంఖ్య మళ్లీ యాభైకి ఎదిగినా, ఆ సంఖ్య కొలిచే వస్తువు పలచబడింది.

ఇన్ని దశాబ్దాల పాటు ఒకే దిశలో సాగిన ప్రయత్నం ఒకే తీరున కుంటుపడినప్పుడు లోపం అమలులో ఉందా, ఆలోచనలోనే ఉందా అని అడగడం విమర్శ బాధ్యత.

3. 1953: మరువరాని పాఠం

ఈ ప్రశ్నకు సమాధానం వెదకడానికి మాధ్యమిక స్థాయికి చెందనిదే అయినా 1953 నాటి మద్రాసు ఉదంతం తోడ్పడుతుంది. చక్రవర్తుల రాజగోపాలాచారి ప్రభుత్వం గ్రామీణ ప్రాథమిక పాఠశాలల్లో బడివేళలను సుమారు మూడు గంటలకు తగ్గించి, రెండు విడతలుగా తరగతులు నడపాలని నిర్ణయించింది. మిగిలిన సమయంలో పిల్లలు తల్లిదండ్రుల పనిని నేర్చుకోవాలన్నది ఉద్దేశం. అప్పటికి ఆంధ్ర జిల్లాలు ఇంకా మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాయి. ఆంధ్రరాష్ట్రం అదే సంవత్సరం అక్టోబరు 1న ఏర్పడింది.

ప్రభుత్వ తర్కంలో ఆర్థిక కోణం ఉంది. ఉన్న గదులతో, ఉన్న ఉపాధ్యాయులతో రెట్టింపు పిల్లలకు చదువు చెప్పవచ్చు. శ్రమ పట్ల గౌరవం పెరుగుతుందన్న నైతిక కోణమూ ఉంది. కానీ పెరియార్ మొదలైనవారు దీన్ని 'కులవిద్యా పథకం'గా గుర్తించి తీవ్రంగా ప్రతిఘటించారు. 1954లో ముఖ్యమంత్రి అయిన కామరాజ్ దీన్ని ఉపసంహరించారు.

ఈ ప్రతిఘటనను శ్రమ పట్ల చులకనభావంగా వ్యాఖ్యానించడం సరికాదు. వ్యతిరేకించినవారిలో అధికులు శ్రమతోనే బతికిన కులాలవారు. వారు పనిని కాదనలేదు. తమ బిడ్డ ఏ పని చేయాలో బడికి రాకముందే తేలిపోవడాన్ని కాదన్నారు. చాకలి బిడ్డకు మధ్యాహ్నం రేవులో పాఠం, న్యాయవాది బిడ్డకు మధ్యాహ్నం గ్రంథాలయంలో పాఠం అయినప్పుడు, ఒకే నియమం ఇద్దరికీ సమానంగా వర్తించినట్లు కనబడుతూనే ఇద్దరినీ పుట్టినచోటనే ఉంచుతుంది.

1937లో గాంధీజీ వార్ధాలో ప్రతిపాదించిన 'నయీ తాలీమ్'కూ దీనికీ మధ్యగల అంతరం ఇక్కడే స్పష్టమవుతుంది. వార్ధా ప్రణాళికలో చేతిపని పిల్లలందరికీ ఉద్దేశించిన విద్యామాధ్యమం. రాట్నం ద్వారా గణితం, భూగోళం, చరిత్ర చెప్పాలన్నది ఆశయం. దాని ఆచరణలోని కష్టాలు వేరు. సూత్రరీత్యా అందరూ నేర్చే చేతిపనికీ కొందరికే కేటాయించే చేతిపనికీ మధ్య ఉన్న భేదం, వృత్తివిద్యను గురించిన ఏ చర్చకైనా గీటురాయి కావాలి.

4. 'డిగ్రీ మోజు' అన్న నింద

వృత్తివిద్య విఫలమైన ప్రతిసారీ వినిపించే వివరణ ఒకటుంది. ప్రజలకు తెల్లచొక్కా కొలువులపై వ్యామోహం, చేతిపనిపై ఏహ్యభావం. పాఠ్యప్రణాళిక మారిస్తే మనస్తత్వం మారుతుంది. ఈ వివరణను ఫిలిప్ ఫాస్టర్ 1965లోనే ఘనా దేశపు అనుభవం ఆధారంగా ఖండించాడు. ఆయన వాదన సారాంశం ఇది: విద్యార్థుల ఆకాంక్షలను బడిలోని పాఠాలు నిర్ణయించవు, బడి బయటి జీతభత్యాలు, అవకాశాలు నిర్ణయిస్తాయి. అక్కడ మంచి జీతం ఇచ్చే ఉద్యోగాలకు పుస్తక విద్యే దారి అయినప్పుడు, నిజమైన అర్థంలో పుస్తక విద్యే వృత్తివిద్య. దాన్ని ఎంచుకున్న కుటుంబం భ్రమలో లేదు, లెక్క చూసుకుంది.

ఈ వాదనను తెలుగు నేలకు అన్వయించి చూస్తే మొదటి భాగంలో ప్రస్తావించిన భాషావైచిత్రి విడిపోతుంది. ఇంజనీరింగ్ సీటుకోసం పోటీపడే కుటుంబం జ్ఞానం కోసం జ్ఞానాన్ని కోరడం లేదు. అది వృత్తినే కోరుతోంది. తెలుగువారికి వృత్తివిద్యపై విముఖత ఉందనడం కన్నా, వృత్తివిద్య తప్ప మరొకటి పట్టడం లేదనడమే సత్యానికి దగ్గర. భాషాసాహిత్యాలు, చరిత్ర వంటి విభాగాలు విద్యార్థులు లేక వెలవెలబోవడం ఇందుకు తార్కాణం. కాబట్టి ఎంపిక చదువుకూ పనికీ మధ్య జరగడం లేదు. ఎదిగే వీలున్న పనికీ ఎదుగుదల లేని పనికీ మధ్య జరుగుతోంది.

5. తెలుగునాట 'వంతెన'

తెలుగు ప్రాంతాల్లో ఈ సమస్యకు ప్రత్యేకమైన నిర్మాణం ఉంది. రెండేళ్ల ఇంటర్మీడియట్ 1969–70లో ప్రారంభమై, 1971లో దానికొక బోర్డు ఏర్పడింది. అనేక రాష్ట్రాల్లో పదకొండు, పన్నెండు తరగతులు ఉన్నత పాఠశాలలో భాగం కాగా, ఇక్కడ అవి 'జూనియర్ కళాశాల'లోకి చేరాయి. అందువల్ల తెలుగు విద్యార్థికి 'కాలేజీ' పదిహేను, పదహారేళ్లకే మొదలవుతుంది. ఆ కాలేజీలోనే ఎంపీసీ, బైపీసీ, సీఈసీల పక్కన ఒకేషనల్ గ్రూపులు ఉంటాయి. కళాశాలకు ప్రత్యామ్నాయం కళాశాల పేరుతోనే, ఒకే ప్రాంగణంలో, పక్క గదిలో నడుస్తోంది.

ఈ కోర్సుల్లో మేలైన అంశాలు లేకపోలేదు. పని జరిగే చోట శిక్షణ పాఠ్యప్రణాళికలో భాగం. ల్యాబ్ టెక్నీషియన్, మల్టీపర్పస్ హెల్త్ వర్కర్ వంటి కోర్సులకు ఆరోగ్యరంగంతో నేరుగా సంబంధం ఉంది. అయితే ఒకేషనల్ విద్యార్థి పలు డిగ్రీ, ప్రొఫెషనల్ కోర్సుల్లో చేరదలిస్తే, తన పరీక్షలకు అదనంగా భౌతిక, రసాయన, జీవశాస్త్రాది విషయాల్లో 'బ్రిడ్జి కోర్సు' పరీక్షలు రాయాలి. ఈ వెసులుబాటు అవసరమైనదే. అది లేకుంటే దారి పూర్తిగా మూసుకుపోయేది. కానీ వంతెన కట్టవలసి వచ్చిందంటే ముందు అక్కడ అగాధం ఉందని అర్థం. సగటు విద్యార్థికన్నా వెనుకబడ్డవాడని భావించి ఒకేషనల్ వైపు పంపిన విద్యార్థే, పైకి రావాలంటే తక్కినవారికన్నా ఎక్కువ పరీక్షలు రాయవలసిరావడం ఈ ఏర్పాటులోని వైరుధ్యం.

దీనికి పాలిటెక్నిక్ డిప్లొమాతో పోలిక ఉపయుక్తం. అదీ పదో తరగతి తర్వాతి చదువే, అదీ చేతిపనితో కూడిన సాంకేతిక విద్యే. ఐనా పాలిసెట్ రాసి డిప్లొమాలో చేరినందుకు ఏ కుటుంబమూ చిన్నబోదు. డిప్లొమా పూర్తిచేసినవారు ఈసెట్ ద్వారా ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో నేరుగా చేరగలగడం ఇందుకు ముఖ్య కారణం. అక్కడ పొందిన శిక్షణ పై చదువులో ఒక సంవత్సరంగా లెక్కకు వస్తుంది. ఇక్కడ పొందిన శిక్షణ పై చదువుకు లోటుగా లెక్కకు వస్తుంది. ఒకే సమాజం, అదే తల్లిదండ్రులు, దాదాపు అదే వయసు పిల్లలు. తేడా మనస్తత్వంలో లేదు, నిర్మాణంలో ఉంది.

6. విదేశీ అంకెల అక్కరకు రాని సాక్ష్యం

2020 విధానపత్రం పన్నెండో పంచవర్ష ప్రణాళిక అంచనాలను ఉటంకిస్తూ, 19–24 ఏళ్ల శ్రామికుల్లో లాంఛనంగా వృత్తివిద్య పొందినవారు భారత్‌లో ఐదు శాతం లోపేననీ, అమెరికాలో 52, జర్మనీలో 75, దక్షిణ కొరియాలో 96 శాతమనీ పేర్కొంది. మన వెనుకబాటును చాటడానికి ఈ అంకెలు తరచుగా పునరుక్తమవుతాయి. కానీ దక్షిణ కొరియా ఉన్నతవిద్యలో చేరే యువత నిష్పత్తి ప్రపంచంలోనే అత్యధికంగా ఉన్న దేశాల్లో ఒకటి. అంటే అక్కడ వృత్తిశిక్షణ కళాశాలకు బదులుగా విస్తరించలేదు, కళాశాలతోపాటు విస్తరించింది. ప్రత్యామ్నాయవాదానికి ఆధారంగా చూపే అంకె నిజానికి ఆ వాదాన్నే బలహీనపరుస్తోంది.

జర్మనీ ఉదాహరణకూ పరిమితులున్నాయి. అక్కడి ద్వంద్వ విధానంలో శిక్షణార్థి ముందుగా ఒక సంస్థతో ఒప్పందం చేసుకుంటాడు; శిక్షణకాలంలో భృతి పొందుతాడు; వారంలో కొన్ని రోజులు సంస్థలో, ఒకటి రెండు రోజులు వృత్తిపాఠశాలలో గడుపుతాడు; పరీక్షను వాణిజ్య, చేతివృత్తుల మండళ్లు నిర్వహిస్తాయి. 1969 నాటి చట్టం దీనికి రక్షణ. పాఠశాల గదిలో యంత్రాల బొమ్మలు గీయించి ధ్రువపత్రం ఇవ్వడానికీ దీనికీ సామ్యం లేదు. పైగా పదేళ్ల వయసులోనే పిల్లలను వేర్వేరు పాఠశాలలకు విడదీసే పద్ధతి తల్లిదండ్రుల సామాజిక స్థాయినే పిల్లల్లో పునరుత్పత్తి చేస్తోందన్న విమర్శ జర్మనీలోనే బలంగా ఉంది. కులం లేని చోటనే ఇలా జరుగుతుంటే, కులం ఉన్న చోట జాగ్రత్త మరింత అవసరం.

వృత్తివిద్యా సమర్థకుల ఆందోళనలో నిజం లేదనలేము. డిగ్రీ పొందీ ఏ పనీ రాక, వచ్చిన పనికి తగ్గ కొలువు దొరకక నలిగిపోతున్న యువత కళ్లెదుటే ఉంది. కళాశాల పేరిట కుటుంబాలు చేసే ఖర్చు తిరిగిరాని సందర్భాలు అనేకం. అయితే ఇది నాసిరకం డిగ్రీపై విమర్శ కాగలదు గాని, పేదింటి పిల్లలకు డిగ్రీ అక్కర్లేదనడానికి హేతువు కాజాలదు. చదువు మేలు చేయడం లేదన్న తీర్పును చదువు ఇంకా అందనివారిపై ముందుగా అమలు చేయడం న్యాయం కాదు.

7. ముగింపు

పై పరిశీలన వృత్తివిద్యా విధానాలను తూచడానికి మూడు ప్రమాణాలను ఇస్తుంది. మొదటిది, శిక్షణ అందరికా, కొందరికా? 2020 విధానం ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు పిల్లలకు సూచించిన పది రోజుల 'సంచీలేని' కాలం, అందులో వడ్రంగులు, కుమ్మరులు, తోటమాలుల వద్ద పని నేర్చుకోవడం, కార్పొరేట్ పాఠశాలలోనూ అంతే శ్రద్ధతో అమలైతే వార్ధా సూత్రానికి చేరువవుతుంది. ప్రభుత్వ పాఠశాలలకే పరిమితమైతే 1953కు చేరువవుతుంది. రెండవది, శిక్షణ పై చదువులో లెక్కకు వస్తుందా? ఒకేషనల్ ఇంటర్మీడియట్‌లోనే శాస్త్ర విషయాలను అంతర్భాగం చేసి, నేర్చిన పనికి డిగ్రీలో క్రెడిట్లు ఇస్తే వంతెన అవసరమే తగ్గుతుంది. మూడవది, ఆ పనికి బయట దక్కే జీతం, భద్రత ఎంత? ఈ మూడో ప్రమాణం విద్యాశాఖ పరిధిలోనిది కాదు. కనుకనే కేవలం పాఠ్యప్రణాళికల సవరణతో నూట నలభై ఏళ్ల సమస్య తీరలేదు.

పదిహేనేళ్ల పిల్లవాడు విద్యుత్ మోటారు బాగుచేయడం నేర్చుకోవడంలో తప్పేమీ లేదు. ఎన్ని ధ్రువపత్రాలున్నా రాని విద్య అది. మోటారు తిరిగే సూత్రం తెలుసుకోవాలన్న కోరిక పద్దెనిమిదేళ్లకు కలిగితే, అప్పటికి వ్యవస్థ అతనికి ఏ దారి మిగిల్చిందన్నదే ప్రశ్న. ఆ దారి మిగిల్చినప్పుడే వృత్తివిద్య ప్రత్యామ్నాయం అవుతుంది. మిగల్చనంతకాలం, దానికి ఎన్ని కొత్త పేర్లు పెట్టినా, ప్రజలు అందులో పాత కులవృత్తినే చూస్తారు. అలా చూడడంలో వారి పొరపాటు లేదు.