మణికట్టు పట్టి లేపినవాడు

ఇస్తాంబుల్‌లో పాత కోటగోడకు దగ్గరగా కోరా అనే చిన్న చర్చి ఉంది. దాన్ని ఆనుకుని ఒక పొడవాటి మందిరం. బైజాంటైన్ చక్రవర్తి రెండో ఆండ్రోనికస్ కొలువులో ముఖ్యమంత్రిగా ఉన్న థియోడోర్ మెటోకైట్స్ చనిపోయినవారి కోసం ఆ మందిరాన్ని కట్టించాడు. గోడల్లో సమాధులకు గూళ్లున్నాయి. తూర్పు కొసన, అర్ధగుమ్మటపు కప్పు మీద, 1320 ప్రాంతంలో ఎవరో పునరుత్థానాన్ని చిత్రించారు. ఆ చిత్రకారుడి పేరు ఎక్కడా నమోదు కాలేదు.

యేసు సమాధిలోంచి లేచిన క్షణాన్ని నాలుగు సువార్తల్లో ఒక్కటీ వర్ణించదు. ఆదివారం తెల్లవారుజామున స్త్రీలు వెళ్లేసరికి రాయి దొర్లించి ఉంది, లోపల దేహం లేదు. పశ్చిమ ఐరోపా చిత్రకారులు చాలామంది జెండా పట్టుకుని సమాధి మీద నిలబడ్డ క్రీస్తును గీశారు. తూర్పు సంఘం చిత్రకారులు అంతకంటే లోతుకు, పాతాళానికే దిగారు.

కోరాలో క్రీస్తు మధ్యన తెల్లని బట్టల్లో, నక్షత్రాలు పొదిగిన కాంతి వలయంలో కాళ్లు ఎడంగా పెట్టి నిలబడ్డాడు. ఒక చేత్తో నెరిసిన గడ్డం ఆదామును, రెండో చేత్తో ఎర్ర వస్త్రం కప్పుకున్న హవ్వను, ఇద్దరినీ సమాధుల్లోంచి ఒక్కసారే లాగుతున్నాడు. అంతకుముందటి చిత్రాల్లో మామూలుగా ఆదాము చెయ్యి మాత్రమే ఆయన పట్టులో ఉండేది. హవ్వ వెనక నిలబడి వేడుకునేది. ఇక్కడ ఆమెకూ సమానంగా చెయ్యి అందింది.

చేతులను ఇంకాస్త దగ్గరగా చూడాలి. క్రీస్తు వాళ్ల అరచేతులు పట్టుకోలేదు, మణికట్లు పట్టుకున్నాడు. బావిలో మునిగిపోయేవాడి చెయ్యి పట్టు తప్పుతుంది కాబట్టి పైకి లాగేవాళ్లు మణికట్టే పట్టుకుంటారు. చచ్చినవాడికి తనంతట తాను లేచే శక్తి ఉండదు, బలమంతా లేపేవాడిదే. పుస్తకాల్లో పేజీలకు పేజీలు రాసిన సంగతిని ఈ చిత్రకారుడు నాలుగు వేళ్ల పట్టులో చెప్పేశాడు. నాకు తెలిసిన క్రైస్తవ చిత్రకళలో ఇంతకు మించిన పనితనం లేదు. క్రీస్తు కాళ్ల కింద విరిగిన ద్వారాలు, చెల్లాచెదురైన గడియలు, తాళంచెవులు. కట్లతో పడి ఉన్న సాతాను.

క్రైస్తవ విశ్వాసానికి పునరుత్థానం ఎందుకంత ముఖ్యమో కూడా ఇక్కడే తెలుస్తుంది. క్రీస్తు లేవకపోతే నమ్మకం వ్యర్థమనీ, నిద్రించినవారు నశించినట్టేననీ పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 15వ అధ్యాయంలో తెగేసి చెప్పాడు. యేసును మంచి బోధకుడిగా మాత్రమే గౌరవిస్తే చాలనుకునే దారిని ఆయన మూసేశాడు. ఆయన లెక్కలో క్రీస్తు ప్రథమఫలం, అంటే వెనక కోయాల్సిన పంట ఇంకా ఉంది. అందుకే కోరా చిత్రంలో క్రీస్తు ఒంటరిగా లేడు. ఆదాము వెనక దావీదు, సొలొమోను, బాప్తిస్మమిచ్చే యోహాను, హవ్వ వైపున గొర్రెలకాపరి కర్రతో హేబెలు వేచి ఉన్నారు. అన్న చేతిలో చచ్చిన హేబెలుకు కూడా న్యాయం జరగాలంటే సమాధి తెరుచుకోవాల్సిందే.

మన ఊళ్లలో ఈస్టరు తెల్లవారుజామున కొవ్వొత్తులు, పూలు పట్టుకుని సమాధుల తోటకు వెళ్లేవాళ్ల మనసులో ఉన్నదీ ఈ నమ్మకమే. లేచినవాడు తమవాళ్లనూ లేపుతాడని వాళ్ల ధైర్యం.

మందిరం కట్టించిన మెటోకైట్స్ 1328లో పదవి పోగొట్టుకుని రాజధాని నుంచి బహిష్కృతుడయ్యాడు. తర్వాత కోరా చర్చి ఉన్న మఠానికే సన్యాసిగా తిరిగొచ్చి 1332లో కన్నుమూశాడు. 16వ శతాబ్దంలో చర్చి మసీదయింది, చిత్రాలు సున్నం పూత కిందికి వెళ్లాయి. 1950ల్లో అమెరికా నిపుణులు ఓపికగా ఆ పూత తొలగించారు. మధ్యలో మ్యూజియంగా ఉన్న ఆ కట్టడం 2024 నుంచి మళ్లీ మసీదు. సందర్శకులనూ రానిస్తున్నారు. ఇస్తాంబుల్ వెళ్లే తెలుగువాళ్లు హాగియా సోఫియా చూసి సరిపెట్టుకోకుండా, ఒక పూట కోరాకు కేటాయించండి.