చూరు కింది నిచ్చెన

సంక్రాంతి దగ్గర పడుతుంటే ప్రతి ఇంటికీ నిచ్చెనతో పని పడుతుంది. గోడలకు సున్నం వేయించాలి, అటక మీది సామాను దించాలి. ఏడాది పొడుగునా ఎవరూ పట్టించుకోని నిచ్చెనను పెరట్లోంచి లాక్కొచ్చి గోడకు ఆనించి "ఎక్కు బాబూ" అంటాం. ఎక్కేది ఎక్కువగా కూలికి వచ్చిన మనిషే. దాచేది మనం, ప్రాణం పెట్టేది అతను. అందుకే నిచ్చెనను ఎలా దాచామన్నది నాకు చిన్న విషయంగా తోచదు.

పాత పెంకుటిళ్ళలో వెదురు నిచ్చెనను చూరు కింద, గోడకు దిగ్గొట్టిన కొయ్య మేకుల మీద అడ్డంగా పడుకోబెట్టేవారు. ఎంత తెలివైన ఏర్పాటు! ఎండా వానా తగలవు, నేల చెమ్మ అంటదు, చెద అంత తేలిగ్గా చేరదు, పిల్లలకు అందదు. మూడు చోట్ల ఆనిక ఉంటే నడుమ వంగిపోదు. శ్లాబు ఇళ్ళొచ్చి చూరు పోయాక నిచ్చెన ప్రహరీ గోడ పాలైంది. వానకు నాని, ఎండకు పగిలి, మట్టిలో ఆనిన కాళ్ళ దగ్గర ముందు కుళ్ళుతుంది.

అంతకన్నా నాకు భయం పుచ్చు. వెదురులోని పిండి పదార్థమే పురుగుకు తిండి. చలికాలంలో నరికి, కొన్నాళ్ళు నీళ్ళలో నానేసి ఆరబెట్టిన వెదురు ఎక్కువ కాలం నిలిచేది అందుకే. పుచ్చిన కర్ర పైకి నున్నగానే కనిపిస్తుంది. దాని కింద సన్నటి పసుపు పిండి రాలి ఉందేమో చూడాలి. గుండుసూది తలంత బెజ్జాలు వెతకాలి. మెట్టు దూర్చిన చోట బొటనవేలితో గట్టిగా నొక్కాలి. మెత్తగా దిగిందా, ఆ నిచ్చెన పని అయిపోయినట్టే. కట్టిన తాడు చీకిందా, తీగ తుప్పు పట్టిందా అన్నదీ చూడాలి. నిచ్చెనకు రంగు వేయడం మాత్రం తప్పంటాను. రంగు కింద పగులు దాక్కుంటుంది. అవిసె నూనె పూస్తే చాలు.

అల్యూమినియం నిచ్చెనకు పుచ్చు బాధ లేదు గానీ, కాళ్ళ రబ్బరు తొడుగులు అరిగినా, రివెట్లు వదులైనా జారుతుంది, ఊగుతుంది. కరెంటు తీగల దగ్గరికి దాన్ని తీసుకెళ్ళనే కూడదు. తడిసిన వెదురునూ నమ్మకూడదు.

ఈ ఆదివారం మీ నిచ్చెనను ఒకసారి వెలుతురులోకి తెచ్చి చూడండి. పనికిరాదనిపిస్తే వీధిలో పారేయకండి, ఎవరో ఒకరు తీసుకెళ్ళి ఎక్కుతారు. రంపంతో ముక్కలు కోసి పొయ్యిలో పెట్టండి.