ఈకలు చెప్పు వంశకథ

గోదావరి మండలములలో కోళ్ళు పెంచువారి పెరటిలో ఒక గడియ నిలిచి వారి మాటలు చెవిని బెట్టినచో, ‘కోడి’ యను సామాన్యనామమునకు అచ్చట అంతగా ప్రవేశము లేదని తోచును. ఒడలెల్ల నల్లనిది కాకి; తెల్లనిది సేతువ; ఎఱ్ఱనిది డేగ; మెడమీద నలుపు తెలుపు ఈకలు సరిసమానముగా గలది పర్ల; ఎఱుపును బూడిదవన్నెయు కలసినది మైల; ఒక్కొక్క యీకయందే నలుపు, తెలుపు, ఎఱుపు మూడును గలది పూల; బంగారు చాయది అబ్రాసు. ఈ పేళ్ళకు పందెగాండ్ర కుక్కుటశాస్త్రమున పెద్దపీట యున్నను, ఏ దినమున ఏ వన్నె గెలుచునని ఆ శాస్త్రము చెప్పు జోస్యమునందు నాకు నమ్మిక లేదు. కోడిపందెమును 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము కూడదన్నది, అనుట న్యాయమే. నా యాదరమంతయు ఆ పేళ్ళ వెనుకనున్న చూపుమీద, ఆ చూపుతో తరతరములుగా సాగిన జతకట్టు నేర్పుమీద.

కోరిన వన్నె పుంజును అదే వన్నె పెట్టతో గూర్చిన చాలునను భ్రమ కొత్తవారిది. స్పెయిను దేశపు పేరు మోసిన ఆండలూసియా కోళ్ళలో బూడిదవన్నె పుంజునకు బూడిదవన్నె పెట్టను జతపరచినచో, పిల్లలలో సుమారు సగము మాత్రమే ఆ వన్నె దాల్చును. నాల్గవ వంతు నల్లనివి, నాల్గవ వంతు మరకలు గల తెల్లనివి యగును. పనికిరావని త్రోసిపుచ్చిన ఆ నల్లదానిని, ఆ మరకల తెల్లదానిని జతపరచితిరా, పిల్లలన్నియు బూడిదవన్నెవే! 20వ శతాబ్ది తొలినాళ్ళలో బేట్సన్, పన్నెట్టు పండితులు ఈ కోళ్ళను మెండెలు వంశపారంపర్య సూత్రములతో పరిశీలించిరి. ఇంతకంటె చిత్రమైనది బంగారువన్నె పుంజును వెండివన్నె పెట్టకు కూర్చుట: కొడుకులు తల్లిని, కూతుండ్రు తండ్రిని పోలి పుట్టుటచే, పుట్టిన నాడే నూగు చూచి ఆడు మగ తెలిసికొనవచ్చును. పుంజు సొగసు చూచి మురియువారికి పెట్టను చూపి, ‘దీని తల్లి యెవరిది?’ యని అడుగు పెంపకందారుని ప్రశ్న ఎంత లోతైనదో అప్పుడు బోధపడును.

జత కుదిరిన పిదప పని పెట్టది. అసీలు జాతి పెట్ట గుడ్లు పెట్టుట కొంచెమే గాని పొదుగుటలో దానికి సాటి యరుదు. వరిగడ్డి పఱచిన గంపలో అది 21 దినములు తపస్సు చేయును. ఏడవ రాత్రి దీపమార్పి, పిడికిట బట్టిన గుడ్డు వెనుక టార్చి వెలిగించిన, సాలీడు కాళ్ళవలె ఎఱ్ఱని నరములు కానవచ్చినది నిలుచును. తేటగా నున్నది వంటింటికి పోవును. పిల్లలకు తొలుత నూకలు, చోళ్ళు. పిదప, పేడయు గడ్డియు నింపి రాత్రి బోర్లించిన కుండలో తెల్లవారునప్పటికి చేరిన చెదలు. తొలివారముననే కంట ఒక చుక్క మందు వేసి కొక్కెర తెగులునకు అడ్డుకట్ట వేయని వాని కష్టమంతయు ఒక్క వారములో మట్టిపాలగుటయు కద్దు. గద్దనుండి కాచుటకు తల్లి ఱెక్క యుండనే యున్నది.

ఇంత జేసినను నూగు చెప్పినదెల్ల నిజము కాదు. గింజరంగు నూగుతో పుట్టిన పిల్ల ఈకలు రాల్చి, మరల తొడిగి, కొన్ని నెలలకు గాని తన వన్నె తేల్చదు. అందుచేతనే అనుభవజ్ఞుడు తొందరపడి పేరు పెట్టడు. ఎదుగుచున్న పుంజును చంక నిఱికించుకొని, ఱెక్క విప్పి, కొత్తగా మొలచిన యీక మొదలు వేలితో ఒత్తి చూచి, ‘ఇంకొక నెల యాగుదము’ అని మరల దింపివేయును.