రాబందు తిట్టు కాదు

తెలుగులో ఎవరినైనా దోపిడీదారు అని తిట్టాలంటే ముందు నోటికొచ్చే పక్షి రాబందు. భూములు మింగినవాళ్లు భూ రాబందులు, వాగులు తవ్వుకుపోయినవాళ్లు ఇసుక రాబందులు. పత్రికల శీర్షికల్లో, సభల్లో, పాటల్లో ఈ పోలిక పాతుకుపోయింది. గోదావరిఖని, రామగుండం బొగ్గుబాయిల చుట్టూ పుట్టిన రాతలకూ ఇదే అలవాటు. పాలరాపు గుట్టను చూసి వచ్చాక ఈ పోలికను ఒకసారి పరీక్షకు పెట్టాలనిపించింది మాకు.

గోదావరిఖని నుంచి మంచిర్యాల, కాగజ్‌నగర్ మీదుగా ఉత్తరానికి పోతే కొమురం భీం జిల్లాలో బెజ్జూరు అడవి వస్తుంది. అక్కడ పెద్దవాగు పక్కన నిలువుగా లేచిన రాతి చరియే పాలరాపు గుట్ట. 2013లో ఆ చరియ మీద పొడుగు ముక్కు రాబందులు కనబడ్డాయి. అప్పటి నుంచి అది సంరక్షణ కేంద్రమైంది. హైదరాబాద్ జూపార్కులో, హర్యానాలోని పింజోర్‌లో రాబందులను పంజరాల్లో ఉంచి కాపాడుతున్నారు. ఇక్కడ పంజరం లేదు, గుట్టే కేంద్రం. దూరాన నిలబడి తలెత్తి చూడాల్సిందే. రాతి మీద తెల్లగా కారిన రెట్ట చారలే గూటికి గుర్తు.

రాబందు కాళ్లకు వేటను పట్టి ఎగిరే బలం లేదు. అది చచ్చిన పశువును తింటుంది. ఆ పశువు కుళ్లి ఊరికి జబ్బు తేకముందే బొక్కలు మిగిల్చి పోతుంది. ఏడాదికి పెట్టేది ఒకే గుడ్డు. దోపిడీదారు అట్లా కాదు, బతికున్నవాళ్ల మీద పడతాడు, ఏటేటా పెరుగుతాడు. కాబట్టి ఈ పోలిక మొదటి అడుగులోనే తప్పింది. అది దోపిడీని సరిగ్గా చూపించదు, పక్షినీ చూపించదు.

1990ల నుంచి మన దేశంలో రాబందులు గుంపులు గుంపులుగా రాలిపోయాయి. కొన్ని జాతుల్లో నూటికి తొంభైకి పైగా పోయాయి. కారణం 2004 నాటికి తేలింది. పశువులకు నొప్పి తగ్గడానికి ఇచ్చే డైక్లోఫెనాక్ అనే మందు కళేబరంలో మిగిలి, దాన్ని తిన్న రాబందు మూత్రపిండాలను పాడుచేస్తున్నది. 2006లో పశువైద్యంలో ఆ మందును నిషేధించారు. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లనూ నిషేధించారు. రాబందులు పోయిన చోట కళేబరాలు కుక్కల పాలయ్యాయి, నీళ్లు చెడ్డాయి. దీనివల్ల 2000 నుంచి 2005 వరకు సుమారు 5 లక్షల మంది అదనంగా చనిపోయారని 2024లో అచ్చయిన ఒక ఆర్థికశాస్త్ర అధ్యయనం లెక్కగట్టింది. అందరికీ అక్కరకొచ్చే మురికి పని చేసి, అసహ్యాన్ని కూలిగా పొందడమంటే ఏమిటో బొగ్గుబాయిల పక్కన బతికేవాళ్లకు వేరే చెప్పాలా?

ఇక రెండో వైపు జటాయువు. భద్రాచలం పక్కనున్న యేటపాకలోనే ఆయన పడ్డాడని చెప్పుకుంటారు. పింజోర్ కేంద్రానికీ జటాయువు పేరే పెట్టారు. పేరులో గౌరవం ఉంది, కాదనం. కానీ జటాయువు మెచ్చుకోలుకు నోచుకున్నది ఒకరి కోసం ప్రాణమిచ్చినందుకు. పశువు కళేబరం తిని బతికే మామూలు పక్షికి ఆ కథలో చోటు లేదు. తిట్టేవాళ్లూ మొక్కేవాళ్లూ ఇద్దరూ పక్షిని దాని బతుకులో చూడలేదు. ఇది మనకు కొత్త కాదు. రాతల్లో ఆదివాసీ అయితే అనాగరికుడు, కాకుంటే అమాయకపు అడవి బిడ్డ. పని, తెలివి, కోపం ఉన్న మామూలు మనిషిగా కనబడడం అరుదు.

కడప అడవిలో కలివికోడి 1900 తర్వాత ఎవరికీ దొరకలేదు, అంతరించిందనే అనుకున్నారు. 1986లో దాన్ని మళ్లీ శాస్త్రవేత్తల చేతికి అందించింది అయితన్న అనే స్థానికుడు. అయినా లోకం ఆ పక్షిని పిలిచేది జెర్డాన్ అనే దొర పేరుతోనే. అడవి ఎరిగినవాళ్ల చూపు సంరక్షణకు కావాలి, వాళ్ల మాట మాత్రం పుస్తకంలోకి ఎక్కదు. పాలరాపు గుట్ట గురించి రాసేటప్పుడు మనం ఆ దారిన పోకూడదు.

టీచర్లూ, చదువుకునే పిల్లలూ ఈ పని మొదలుపెట్టొచ్చు. గోండిలో, కోయలో, కొలామీలో రాబందును ఏమంటారో అవ్వలను, తాతలను అడిగి రాసుకోండి. ఏ చెట్టు మీద, ఏ గుట్ట మీద ఎప్పటిదాకా చూశారో, ఏ ఏడు నుంచి కనబడలేదో అడగండి. ఇంట్లో పశువుకు సూది వేయిస్తే అది ఏ మందో అడగండి. నొప్పి తగ్గడానికి మెలాక్సికామ్ ఉంది, అది రాబందుకు హాని చేయదు. ఇక రాసేటప్పుడు భూమి మింగినవాణ్ణి భూమి మింగినవాడనే రాయండి.