‘పెట్టు’తో పెట్టుకుంటే

స్త్రీల నవలల మీద తరచు వినపడే మాట ఒకటుంది. "వీటిల్లో భాషేదండీ, అంతా వంటింటి గోలే. అన్నం పెట్టింది, కాఫీ పెట్టింది, బొట్టు పెట్టింది. ‘పెట్టింది’ తప్ప ఇంకో క్రియ కనపడదు" అని. ఈమధ్య ఒక సభలో ఓ పెద్దమనిషి ఇదే అంటే చాలామంది నవ్వారు. నాకూ నవ్వొచ్చింది గాని, కారణం వేరు. ఆయన ఉపన్యాసం మొదలుపెట్టిందీ, మధ్యలో కళ్ళజోడు పెట్టుకున్నదీ, మాకందరికీ చీవాట్లు పెట్టిందీ, చివరికి సభకి దణ్ణం పెట్టి కూర్చున్నదీ ఆ ఒక్క క్రియ చలవే కదా!

మన భాషలో ‘పెట్టు’ అంత పనిమంతురాలు మరొకతె లేదు. పొద్దున్న లేచింది మొదలు చూడండి. పాలు పొయ్యిమీద పెడతాం. పిల్లకి కాటుక పెడతాం, జడలో పూలు పెడతాం. వేసవిలో ఆవకాయ పెడతాం, ఆషాఢంలో గోరింటాకు పెడతాం. పుట్టినవాడికి పేరు పెడతాం, పెళ్ళికి ముహూర్తం పెడతాం, పోయినవాళ్ళకి తద్దినం పెడతాం. కోడి గుడ్డు పెడుతుంది, చంటివాడు పేచీ పెడతాడు, దొంగ కన్నం పెడతాడు, నమ్మినవాడు పంగనామం పెడతాడు. ‘పెట్టు’ అంటే ‘ఉంచు’ అని బళ్ళో చెప్పారు. ఆ అర్థం పాలగిన్నెకి సరిపోతుంది. ఆవకాయని ఉంచితే ఎలా? తద్దినాన్ని అసలే ఉంచలేం.

బ్రౌను దొర తన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువుని 1852లో అచ్చు వేయించాడు. జనం నోట ఆడే మాటలకి కూడా అందులో చోటిచ్చాడు. 1885లో వచ్చిన శబ్దరత్నాకరం కావ్యాలు చదువుకునేవాళ్ళకి పెద్ద దిక్కు. నాకు రెండూ ఇష్టమే. కాని కథలు రాసే మనిషికి నిఘంటువు సగం దారి వరకే తోడొస్తుంది. తర్వాత అర్థం పక్కనున్న మాటని బట్టీ, అన్న మనిషి ముఖాన్ని బట్టీ తెలుసుకోవలసిందే. "ఒక్కటి పెట్టాననుకో!" అని తల్లి అంటే ఆ ఒక్కటీ అరిసె కాదని రెండేళ్ళవాడికి కూడా తెలుసు. అన్నం పెట్టే చేతికీ, వాత పెట్టే చేతికీ తెలుగు ఒకే క్రియ ఇచ్చింది.

దీనికి ఒక జోడీ ఉంది, ‘పడు’. కష్టపడు - కష్టపెట్టు, భయపడు - భయపెట్టు, ఇబ్బందిపడు - ఇబ్బందిపెట్టు. అనుభవించేవాళ్ళు పడతారు, అనుభవింపజేసేవాళ్ళు పెడతారు. మన కుటుంబ నవలల్ని ఈ రెండు క్రియలూ దగ్గర పెట్టుకుని చదివి చూడండి. మొదటి పదిహేను అధ్యాయాలూ కథానాయిక పడుతూనే ఉంటుంది. అత్తగారు ఆరళ్ళు పెడుతుంది, ఆడపడుచు వంకలు పెడుతుంది, మొగుడు మనసులో ఏదో పెట్టుకుని మాట్లాడ్డం మానేస్తాడు. చివరి అధ్యాయంలో అతగాడు కన్నీళ్ళు పెట్టుకోగానే ఆ అమ్మాయి అన్నీ మరిచిపోయి అన్నం పెడుతుంది. శుభం! నా తగువు ఇక్కడే. వంటింటి మాటలు ఎక్కువయ్యాయన్నది నాకు నేరంగా తోచదు. ఇన్ని విద్యలు తెలిసిన మాట చేత ఆ ఒక్క వడ్డనే చేయించి పంపేస్తున్నారే అని బాధ.

దాని సత్తా ఏపాటిదో ఒక్క ఉదాహరణ చెబుతాను. "మీ పిల్లని కడుపులో పెట్టుకుని చూసుకుంటాం వదినగారూ" అని వియ్యపురాలు మాట ఇస్తుంది. ఆ పిల్లకి జరగరానిది జరిగిన రోజున "నా తల్లిని పొట్టన పెట్టుకున్నారు" అని కన్నతల్లి గుండెలు బాదుకుంటుంది. కడుపన్నా పొట్టన్నా ఒకటే. పెట్టుకోవడమూ ఒకటే. కట్నాల మీద కథ రాసేవాళ్ళు పేజీలకి పేజీలు ఉపన్యాసం దంచే బదులు, ఈ రెండు వాక్యాల్నీ కథకి చెరో చివరా పెట్టి మధ్యలో ఆ పిల్ల ఉత్తరాలు నాలుగు పెడితే చాలదూ?

ఇక పెట్టుపోతలు. పండక్కి పిలిచి, తలంటి పోసి, చీరా రవికా పెట్టి పంపుతారు. పుట్టింటి చీర విలువ కొట్టువాడి బిల్లులో ఉండదని మీకు నేను చెప్పక్కర్లేదు. అయినా వాక్యాలు ఎలా నడుస్తాయో గమనించండి. కొడుకులకి ఆస్తి ‘పంచుతారు’. కూతురికి ‘పెడతారు’. పంచితే అది హక్కు. పెడితే పెట్టేవాళ్ళ మంచితనం. హిందూ వారసత్వ చట్టానికి ఆంధ్రప్రదేశ్‌లో 1986లో సవరణ చేసి, అప్పటికే పెళ్ళయిన కూతుళ్ళని వదిలేసి, తక్కినవాళ్ళకి ఉమ్మడి ఆస్తిలో కొడుకులతోపాటు వాటా ఇచ్చారు. 2005లో దేశమంతటికీ సవరణ వచ్చింది. చట్టం మారింది గాని "దానికి పెట్టవలసిందంతా పెట్టేశాం" అన్న అన్నయ్యగారి వాక్యం మాత్రం అలాగే ఉంది. చెల్లెలి ముందు పళ్ళెంలో పట్టుచీర పెడతారు, పక్కనే సంతకానికి కాగితం పెడతారు. ఈ సన్నివేశం మన కథల్లో ఎంత అరుదో! వచ్చినా చీర అంచు రంగు దాకా వర్ణిస్తారు, కాగితంలో ఏం రాసుందో మాత్రం చెప్పరు.

పైగా ఎప్పుడూ పెట్టేవాళ్ళకే నిష్ఠూరం. "పెట్టనమ్మ ఎలాగూ పెట్టదు, పెట్టేదానికేమొచ్చింది?" అని సామెత. (అసలు సామెతలో ‘పెట్టేదానికి’ బదులు ఉండే మాట పత్రికలో బాగుండదు, మీకు తెలిసే ఉంటుంది.)

పి. సత్యవతిగారి ‘ఇల్లలకగానే’ కథ చదివారా? ఇల్లలుకుతూ అలుకుతూ ఒక ఇల్లాలు తన పేరే మరిచిపోతుంది. ఇల్లు చూస్తే పేరు పెట్టడానికి లేదు. ఆవిడకి పెట్టిన పేరు మాత్రం పోయింది. వంటింటి మాటలతో, ఇంటి పనులతో ఎంత దూరం వెళ్ళవచ్చో చూడాలంటే ఆ ఒక్క కథ చాలు. అందులో గొంతు పెంచడం ఎక్కడా లేదు, అందుకే నాకు మరీ ఇష్టం.

మొన్న నా కథ ఒకటి ఇంగ్లీషులోకి మారుస్తున్న స్నేహితురాలు ఫోను చేసి, "‘అందరికీ పెట్టి తనూ పెట్టుకుంది’ అని రాశావు, ఈ పెట్టుకోవడాన్ని ఏం చెయ్యమంటావే?" అని అడిగింది. మొదటి ‘పెట్టి’కి ఆ భాషలో మాట వెంటనే దొరికిందిట. రెండోదానికి మూడు వాక్యాలు రాసి మూడూ కొట్టేసింది. తన కంచంలో తనే వడ్డించుకోవడం, వడ్డించేవాళ్ళు ఎవరూ లేకపోవడం, అప్పటికి గిన్నెల్లో ఏముందో చూసుకోవడం, అన్నీ ఆ చివరి ‘కొను’లోనే ఉన్నాయి మరి.

అప్పణ్ణించీ నాకో అలవాటు పట్టుకుంది. ఏ నవల చేతికొచ్చినా అందులో తల్లి పాత్ర ఎన్నిసార్లు పెట్టిందో, ఎన్నిసార్లు పెట్టుకుందో లెక్కపెడుతున్నాను. నిన్న పూర్తిచేసిన నవలలో మొదటిది లెక్క తప్పేటన్ని సార్లు. రెండోది ఒకే ఒక్కసారి. అదీ గట్టు దగ్గర నిలబడి, గిన్నె అడుగున మిగిలిన మాడు.